ఎనిమిదో బోరు బంగారం

మా ఇంటి మహారాణికి,

నీ మొగుడు దండం పెట్టి రాయునది. ఇక్కడ నేను క్షేమం, రాళ్ళ చదువు చదివిన మా మేడం క్షేమం, బోరు నడిపే గొట్టాలాయన క్షేమం, అతని గురక కూడా క్షేమం. నా ఉంగరం వేలొక్కటే కాస్త క్షేమంగా లేదు. దాని సంగతి చివర చెబుతాను. ముందే చెబితే మిగతా ఉత్తరం చదవకుండా పొయ్యిలో పెడతావు. అక్కడ నువ్వూ, మీ అమ్మగారూ, ఆవిడ మోకాళ్ళూ క్షేమమని తలుస్తాను.

రేపు పొద్దున జీపు కిందికి దిగుతుంది. టపా అందులోనే పోవాలి. అందుకని రాళ్ళు కోసే షెడ్డులో ఒక ఖాళీ పెట్టె బోర్లించుకుని రాస్తున్నాను. రాస్తున్నానంటే, రెండు ముక్కలు రాయడం, లేచి గుమ్మం దాకా వెళ్ళడం, కొండని చూడడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. కాలుకాలిన పిల్లి కూడా నాకంటే నిలకడగా ఉంటుంది.

పోయిన ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగావు. బడిలో ఒక్కదానికీ జవాబు చెప్పని వాణ్ణి, నీకు మాత్రం వరసగా చెబుతాను.

దగ్గు తగ్గింది. రంపం మీద నీళ్ళు పడుతూనే ఉంటాయి కాబట్టి దుమ్ము లేవదు. చొక్కా మాత్రం ఎప్పుడూ తడే.

రాళ్ళలో బంగారం తళతళా మెరుస్తుందా అన్నావు. మెరవదు తల్లీ. పలకలు పలకలుగా మిలమిలలాడితే అది కాకిబంగారం, మేకుతో పొడిస్తే పొడైపోతుంది. అసలుది వంటింటి గోడమీద పసుపు మరకలా మొద్దుగా ఉంటుందట, మేకు కింద అణుగుతుందే గానీ చిట్లదట. ‘అట’ అని ఎందుకంటున్నానంటే, ఈ కొండలో నేను దాన్ని కళ్ళతో చూడలేదు.

అది అక్కడికి ఎలా వచ్చిందో మేడం చెప్పింది. నాకు ఎక్కినంత చెబుతాను. మనుషులు పుట్టని కాలంలో ఈ కొండ అడుగున నీళ్ళు కుతకుత ఉడికాయి. మూత బిగించిన కుక్కరనుకో. మనం ఉప్పు కరిగించినట్టు ఆ నీళ్ళు బంగారాన్ని కరిగించుకుని, ఎక్కడ పగులుంటే అక్కడికి ఎగదన్నాయి. పైకొచ్చి చల్లారాక పగుల్లో తెల్లటి పలుగురాయి మిగిలింది, అందులో నలకలు నలకలుగా బంగారం. దాన్నే మేం నరం అంటాం.

ఆ నరం వెంట పడ్డవాళ్ళలో మాది నాలుగో జట్టు. ముందు పాతకాలపు వాళ్ళు రాతిమీద మంటపెట్టి, బాగా కాగాక నీళ్ళు కొట్టి, పగిలిన ముక్కలు ఏరుకున్నారు. వాళ్ళు రాయి నూరిన గుంటలు బండలమీద ఇంకా ఉన్నాయి. ఒకదాంట్లో గొట్టాలాయన గడ్డం గీసుకోవడానికి నీళ్ళు పోసుకుంటాడు. తర్వాత ఒక కంపెనీ బావిలాంటి గొయ్యి దింపింది, ఊట పొంగి అది కాస్తా మునిగింది. ఆ తర్వాత జట్టు కందకాలు తవ్వి, నరం ఒకచోట కత్తితో కోసినట్టు ఆగిపోయింది, ఇక లేదు పొమ్మని వెళ్ళిపోయింది. మన మేడం ఒక్కత్తే, “అది అయిపోలేదు బాబాయ్. కొండే ఇక్కడ విరిగి పక్కకి జరిగింది. మిగతా సగం తూర్పున ఉంటుంది,” అంది. గళ్ళబట్ట రెండు ముక్కల్నీ జరిపి కుడితే గళ్ళు కలవవు చూడు, నీ మిషను కింద రోజూ ఉండే గొడవే, అలాగన్నమాట.

తూర్పున ఏడు బోర్లు వేశాం. ఏడింట్లోనూ ఉత్త నల్లరాయి. ఎనిమిదోదాంట్లో పలుగురాయి తగిలింది, మేడం వేలుపెట్టి చూపించిన లోతులోనే. గొట్టంలోంచి కడ్డీలా వచ్చిన ఆ రాయిని నిలువునా రెండుగా కోసి, ఒక సగం పెట్టెలో దాచి, రెండో సగం సంచిలో కట్టి పరీక్షకి పంపింది నేనే. బంగారం ఉందని కబురొచ్చింది. మేడం గంతులేసింది. గొట్టాలాయన పెళ్ళాం పిల్లల్ని బయల్దేరమన్నాడు. నేను నీకు ఆ పెద్ద ఉత్తరం రాసి, ఇక్కడ వేసుకోబోయే మన గదికి కిటికీ ఎటువైపు పెట్టించాలో కూడా అడిగాను.

ఇక నీ మూడో ప్రశ్న, ఉంగరం వేలికే ఉందా, ఎక్కడైనా పారేశావా అని. నాలుగోది, నెలాఖరుకి కుట్టు ఫ్యాక్టరీలో మానేసి వచ్చెయ్యనా అని. ఈ రెండిటికీ జవాబు ఒకటే. కూర్చుని చదువు. మీ అమ్మగారికి మాత్రం పైకి చదివి వినిపించకు.

ఈ షెడ్డులో అడుగుపెట్టేవాళ్ళు ఒంటిమీద బంగారం ఉంచుకోకూడదు. నలకంత రాలినా సంచి మొత్తం లెక్క తప్పుతుంది. నేను చేరిన రోజు మేడం నా వేలు చూసి, “అదేంటి బాబాయ్?” అంది. నువ్వు పెట్టిన తిండికి వేలు లావెక్కి ఉంగరం ఊడి రాదు, కొయ్యాల్సిందే. నీ జూకాల్లో ఒకటి పోతే రెండోదాన్ని కరిగించి నాకు చేయించిన ఉంగరమాయె. కొయ్యడానికి మనసొప్పలేదు.

“ఇత్తడమ్మా,” అన్నాను. “బంగారమని చెప్పి మా ఆవిడ నా చెవిలో పువ్వు పెట్టింది.”

అందరూ పడీపడీ నవ్వారు. అవును, అంతమంది ముందు నిన్ను అంత మాటన్నాను. ఇక్కడ ఆగి నన్ను తిట్టుకో. తర్వాత చదువుదువుగాని.

పరీక్ష కబురొచ్చిన తర్వాత ఒకరోజు చెయ్యి తోముకుంటుంటే కనబడింది. ఉంగరం అరచేతి వైపు అరిగి రేకులా అయింది. ఒక అంచున పెచ్చు లేచిపోయింది. తడి రాయిని ఆ చేత్తోనే రంపానికి ఆనిస్తాను. ముక్కల్ని ఆ చేత్తోనే సంచిలోకి తోస్తాను. ఆ పెచ్చు ఎక్కడికి పోయినట్టు?

అప్పట్నించి అన్నం సయించలేదు. నేను నోరు మూసుకుని తిరుగుతుంటే వంటాయన జ్వరమనుకుని మాత్ర ఇచ్చాడు. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది, మానేసి వచ్చెయ్యనా అంటూ. దాన్ని జేబులో పెట్టుకుని తిన్నగా మేడం గదికి వెళ్ళాను.

“అమ్మా, ఆ ఎనిమిదో బోరు బంగారం కొండది కాదేమో. నా ఉంగరానిదేమో.”

ఆమె తలెత్తలేదు. “ఈసారి అంత కుదరలేదు బాబాయ్. రాళ్ళపెట్టెలో కప్పని పెట్టి, బోరులోంచి ప్రాణాలతో వచ్చిందన్నావే, అది బావుంది.”

“వేళాకోళం కాదమ్మా, ఒట్టు.”

గుమ్మంలోంచి గొట్టాలాయన అందుకున్నాడు. “ఇత్తడన్నావుగా గురూ! ఇంతలోనే బంగారమెలా అయింది? ఆ మందేదో మాకూ చెప్పు.”

“నీకు మందు చూపిస్తే తాగేస్తావు. ముందు సన్నరంపం పట్రా. ఉంగరం కొయ్యి.”

అతను ఇకిలించాడు. నేను నవ్వలేదు. నేను నవ్వకపోవడం చూశాకే మేడం కాగితాలు పక్కన పెట్టింది.

కోసేటప్పుడు వేలి తోలు కొంచెం లేచింది, అంతే, కంగారుపడకు. మేడం ఆసిడ్ సీసా తెచ్చింది. “ఇత్తడైతే ఆకుపచ్చగా పొంగుతుంది,” అంటూ ఉంగరం మీద ఒక చుక్క వేసింది. ముగ్గురం వంగి చూశాం. పొంగాలి, పొంగాలి అని మొక్కుకున్నాను. నువ్వు నన్ను నిజంగా మోసం చేసి ఉంటే ఎంత బాగుండునని మొదటిసారి అనిపించింది.

చుక్క చుక్కలాగే కూర్చుంది.

మేడం ఆ చుక్కని గుడ్డతో తుడిచింది. “మీ ఆవిడ మోసం చెయ్యలేదు బాబాయ్,” అంది.

పెట్టెలో దాచిన మిగతా సగాన్ని ఆమే బయటికి తీసి, ఆమే కోసి, ఆమే మూట కట్టి మళ్ళీ పరీక్షకి పంపింది. ఆ జవాబు ఇవాళ జీపులో వచ్చింది. ఏమీ లేదు. కొండ విరిగి జరిగిన మాట నిజమే. నరం అక్కడే ఉంది. అందులో బంగారమే లేదు. గోడమీది పటంలో తూర్పువైపు తెల్లగీత గీసి, పక్కన ‘ఒట్టిది’ అని రాసుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా నేను ఇప్పుడిలా గుమ్మానికీ పెట్టెకీ మధ్య తిరిగేవాణ్ణి కాదు.

బయట బోరు యంత్రం విప్పుతున్నారు. ఇక్కడికి రావద్దని పెళ్ళానికి ఎలా రాయాలో తెలీక గొట్టాలాయన నన్నే సలహా అడిగాడు. అతని ఉత్తరం కూడా ఈ జీపులోనే వస్తుంది, దాని వెనకే నేనూ వస్తాను.

నువ్వు మాత్రం మానెయ్యకు. ఇప్పటికే మానేసి ఉంటే, ఉన్నపళాన మీ సూపర్వైజర్ దగ్గరికి వెళ్ళి, “మా ఆయన వేళాకోళానికి రాస్తే నిజమనుకున్నానండీ,” అని చెప్పు. వెంటనే నమ్ముతాడు. ఆయన కుర్చీకి జిగురు పూసింది నేనేనని ఆయనకి తెలుసు.

ఉంగరం రెండు ముక్కలై సబ్బుపెట్టెలో ఉంది. నా బొటనవేలు దాన్ని తిప్పబోయి, ఏమీ తగలక మాటిమాటికీ వెనక్కొస్తోంది. నీ జూకాల్లో ఒకటి నువ్వు పారేసుకున్నావు, రెండోదాంట్లో కాస్త నేను పారేశాను. ఎంతమంది ఎన్ని బోర్లు వేసినా, ఈ తూర్పు నరంలో ఇంతవరకూ దొరికిన బంగారమల్లా నీ చెవిదే.

ఇట్లు,
నీ బోసివేలి మొగుడు