అక్క నేర్పిన షాట్

బావా,

ఈరోజు మధ్యాహ్నం ఫైనల్లో నీ మేనల్లుడి బాస్కెట్‌బాల్ జట్టు ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. కాలేజీ తరఫున వాడికి ఇదే చివరి ఆట.

మొదటి ఏడాదంతా వాడు బెంచీకే అంకితం. రెండో ఏడు కాళ్లు మాట విన్నాయి. మూడో ఏడు మీ అక్క పోయింది; ఆ ఏటి నుంచి రింగు కింద వాడికి ఎదురు లేదు. ఎవరూ అడ్డు రాకుండా గీత దగ్గర నిలబడి వేసే ఫ్రీ త్రోలు మాత్రం పడేవి కావు.

మీ అక్క మోకాళ్లు వంచి, రెండు చేతులతో కింద నుంచి విసిరి చూపించిన రోజు గుర్తుందా? "అక్కా, బంతి వేస్తున్నావా, బకెట్టుతో నీళ్లు చల్లుతున్నావా?" అన్నావు. బంతి పడింది. అయినా "అందరూ నవ్వుతారమ్మా" అని వాడు ఆమె ఉన్నన్నాళ్లూ అలా వెయ్యలేదు.

ఈరోజు ఆట ముగియడానికి నాలుగు సెకన్లే ఉన్నాయి. ఒక పాయింటు వెనకబడి ఉన్నాం. వాడికి రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. మోకాళ్లు వంచి, బంతిని కిందికి దించాడు. హాలంతా నవ్వింది. మొదటిది పడింది. రెండోదానికి ఎవరూ నవ్వలేదు. అదీ పడింది.

"ఎప్పుడు నేర్చుకున్నావురా?" అన్నాను.

"నువ్వు ఆఫీసుకెళ్లాక, పెరట్లో. మామయ్యకి రాయి నాన్నా, నీళ్లు బాగా చల్లానని."

పెరట్లో రింగుకున్న వలను ఆమె పోయాక నేనే విప్పేశాను. రేపు పొద్దున్నే నిచ్చెన వేసుకుని మళ్లీ కడతాను.

మీ బావ