రెండు, లేదా ఆపైన ఏదైనా

నవాగామ్, సూరత్
28 ఏప్రిల్ 2021

బాపూ,

నీ బిడ్డ సుమన దండాలు. ఇంట్లో అమ్మా నేనూ క్షేమం. నిన్న నీకు ఆక్సిజన్ తీసేశారని నర్సమ్మ చెప్పింది, ఆ మాటతో ఇంకొంచెం క్షేమం. వార్డులోకి ఫోను రానివ్వరు కాబట్టి ఈ కాగితం ఆమె చేతికే ఇస్తున్నాను.

మందుచీటీ వెనక నువ్వు రాసిన మూడు ప్రశ్నలూ అందాయి. సాంచా మగ్గాలు ఇంకా నడవడం లేదు, కార్ఖానా తాళం సేఠ్ దగ్గరే ఉంది. అమ్మకు దగ్గు తగ్గింది, అబద్ధం కాదు. మూడోది, నీ పక్క సాంచా కనకయ్య కాక ఏ వార్డులో ఉన్నాడని. దాని జవాబు చివర రాస్తాను. ముందు నా పని సంగతి చెప్పాలి.

"కంప్యూటర్ల ఏం నేస్తవే నువ్వు?" అని నవ్వేవాడివి కదా. మేము జావా అనే కంప్యూటర్ భాషలో లైబ్రరీలు రాస్తాం. అంటే, ఒక పనికి కావలసిందంతా రాసి మూట కట్టి ఇస్తే వేరేవాళ్లు తమ ప్రోగ్రాంలో వాడుకుంటారు. ప్రతి మూటకూ ఒక చీటీ ఉంటుంది. ఇది ఎన్నో వెర్షన్, ఇది నడవాలంటే ఏ లైబ్రరీ, ఎన్నో వెర్షన్ కావాలి, అన్నీ అందులో ఖచ్చితంగా రాయాలి. పడుగు చుట్టిన బీముకు నూలు నంబరు రాసినట్టే. నంబరు లేని బీమును నువ్వు చచ్చినా సాంచా ఎక్కించవు.

నేను ఎక్కించాను బాపూ. ఆసుపత్రుల్లో ఖాళీ బెడ్లు చూపించే ప్రోగ్రాం మాదే. దాని చీటీలో, బెడ్ల లెక్క తెచ్చే లైబ్రరీకి "వెర్షన్ రెండు, లేదా ఆపైన ఏదైనా" అని రాశాను. కొత్తది వచ్చినప్పుడల్లా చీటీ మార్చి పరీక్షించాలంటే బద్ధకం. ఇంకో కారణం లేదు. పదిహేడో తారీఖు పొద్దున చిన్న దిద్దుబాటు చేసి ప్రోగ్రాంను మళ్లీ తయారుచేశాం. అప్పటికే ఆ లైబ్రరీది మూడో వెర్షన్ వచ్చి ఉంది. నేను రాసినట్టే కంప్యూటర్ దాన్ని తెచ్చుకుంది. మూడులో బెడ్ల లెక్క చెప్పే పద్ధతి వేరు. తెర మీద అన్ని ఆసుపత్రులకూ సున్నా పడింది. మూడు గంటలు అలాగే ఉంది.

నువ్వూ కాకా ఒకే ఆటోలో గేటు బయట కూర్చున్నది ఆ మూడు గంటలే. "బెడ్ ఖాలీ నహీ హై, బెహన్" అని గుమాస్తా తెర చూసి చెప్తుంటే అతని కాళ్లు పట్టుకున్నాను. లోపల నాలుగు బెడ్లు ఖాళీగా ఉన్నాయి. ఆఫీసు నుంచి ఫోను వచ్చాక అక్కడే మెట్ల మీద లాప్‌టాప్ తెరిచి చీటీలో వెర్షన్ అంకె దిద్దాను. అయిదు నిమిషాలు పట్టలేదు. నిన్ను లోపలికి తీసుకెళ్లారు. కాక అప్పటిదాకా నీ భుజం మీద తల వాల్చి ఉన్నాడు. నిద్రపోయాడని అనుకున్నావు నువ్వు. నిద్ర కాదు బాపూ.

ఆఫీసులో అందరూ సర్వర్ చెడిపోయిందనే నమ్ముతున్నారు. చీటీ సంగతి నేను వాళ్లకు చెప్పలేదు. ఇక దాచలేను. కాక ఇంట్లో ఐలమ్మ చిన్నమ్మకూ ఇది నా తప్పని తెలియదు. అమ్మకు చేతకాక, నీకు రోజూ వచ్చే అన్నం వండి ఇస్తున్నది ఆమే. "మీ కాకకు పెట్టలేకపోతిని, మీ బాపుకన్న పెడత బిడ్డా, జర మంచిగ తినుమను" అంటుంది.

ఆమెకు ఇవాళ సాయంత్రం చెప్తాను. తర్వాత ఆఫీసులో. రేపు నీకు వచ్చిన కూర మాడి ఉంటే, చెప్పేశానని తెలుసుకో.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
సుమన