పై వాటాలో వెలిగిన మా కరెంటు

తమ్ముడు జయకర్‌కి,

నా కోడిగీతలు, తప్పులు చూసి విసుక్కోకు. పలాసలో అద్దె వాటాలో దిగాం. ఇక్కడ కరెంటు మీటరుకి ముందే డబ్బు కట్టాలి. ఇంటాయన ఇచ్చిన నంబరుకి కట్టాను. అయినా మూడు రోజులు కరెంటు రాలేదు. ఫ్రిజ్ నడవక మీ వదిన ఇన్సులిన్ సీసాని తడిగుడ్డలో చుట్టి నీళ్లకుండ పక్కన పెట్టాం.

పై వాటాలో కృపావరం ఉంటాడు, మన సంఘమే. సాయంత్రం వచ్చి, కొవ్వొత్తి వెలుగులో మాకు కొత్తింటి ప్రార్థన చేసి, "దేవుడే ఎలుగిత్తాడు మావా" అని పైకెళ్లాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. మర్నాడు మీటరు మనిషి వచ్చి, నేను కట్టిన నంబరు పై వాటాదన్నాడు. కృపావరాన్ని అడిగాను.

"మెసేజీ ఒచ్చింది మావా. దేవుడే కట్టించినాడనుకున్నాం" అన్నాడు.

మా వాటా నంబరు కనుక్కుని మళ్లీ కట్టాను, కరెంటు వచ్చింది. ఇన్సులిన్ మాత్రం పాడైంది, మందుల షాపులో పారేయమన్నారు.

మీటరు నా పేరుకి మార్చాలంటే ఆధారు కావాలట. పెట్టెలో బైబిలు కింద ఉంది, పంపు. జీడిపిక్కలు ఏరారా? మీ పాప లిల్లీకి జ్వరం తగ్గిందా? పిల్లలకు దీవెనలు.

తొందరగా జవాబు రాయి. అడ్రసులో "కింద వాటా" అని పెద్దక్షరాలతో పెట్టు, లేకపోతే అదీ పైకే పోతుంది.

మీ అన్న,
దేవదానం