నేను పిలవని పెండ్లి

నవంబరు 6, గురువారం

రాయి సునీతా. ముందు ఇది రాయి — నేను, పోశవ్వను, ఎవరినీ పెండ్లికి పిలవలేదు. మా ఇంట్లో పెండ్లే లేదు.

నాకు అక్షరం రాదు. కోడలు రాస్తోంది, ఎరువుల దుకాణం వాళ్లు ఇచ్చిన డైరీలో. నా మాటలను బడి భాషలోకి దిద్దుతోంది. దిద్దనీ. అర్థం మారిస్తే మాత్రం ఊరుకోను, చదివించుకుని వింటాను.

జరిగింది ఇది. మొన్న పొద్దున మెసేజ్ మోగింది. పేర్లు చదవలేను కనుక నా ఫోన్లో ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ పెట్టించుకున్నాను. పాల నర్సయ్యకు బర్రె. జామకాయలమ్మే హమీదాకు జామకాయ. బిచ్కుందలో ఉన్న తమ్ముడు సాయిలుకు ట్రాక్టరు. ఆ ట్రాక్టరు వెలిగింది. పక్కన నీలి గీత. నీలి గీత ముట్టుకుంటే ఫొటో తెరుచుకుంటుందని తెలుసు — ముట్టుకున్నాను. అరటి పిలకలు, పసుపు రంగు పెండ్లి కార్డు. తర్వాత ఇంకేదో అడిగింది. పచ్చగా ఉన్నచోట నొక్కాను. పచ్చది మంచిదే అనుకున్నాను.

ఎవరి పెండ్లిరా అని సాయిలుకు ఫోన్ చేస్తే — "నేనేం పంపలే అక్కా. నా ఫోన్ నిన్నటి సంది పిచ్చి లేసినట్టు చేస్తుంది."

పొద్దుగూకేసరికి నా ఫోన్ నుంచి కూడా అదే మెసేజ్ పోయింది. అందులో ఉన్న అందరికీ. పాల నర్సయ్య పాలు పోస్తూ నవ్వాడు. "ఏం అవ్వా, పెండ్లి నీదేనా? మాకు దావత్ ఉన్నదా లేదా?"

అప్పుడు నేనూ నవ్వాను...

నవంబరు 7

హమీదా కొడుకు ఖలీల్ వచ్చాడు. గడప దాటలేదు. ఎప్పుడూ నేరుగా వంటింట్లోకి వచ్చే పిల్లవాడు.

"పెద్దమ్మా, నీ ఫోన్ నుంచి వచ్చినదాన్ని అమ్మీ నొక్కింది. బ్యాంకుల పైసలన్నీ పోయినయ్."

అవి హమీదా కంటి ఆపరేషన్ పైసలు. బస్టాండు ముందు బండి పెట్టుకుని ఎండలో నిలబడి కూడబెట్టినవి. ఒక కంటికి పొర కమ్మింది. రెండో కన్ను కూడా మసకే. నిజామాబాద్ దవాఖానలో వచ్చే వారం రమ్మన్నారు.

అన్నం తినబుద్ధి కాలేదు.

నవంబరు 8

పోలీస్ స్టేషన్. ఖలీల్, సునీత, నేను. రాసుకునే ఆయన చిన్నవాడే, మర్యాదస్తుడు. హమీదా తరఫున ఖలీల్ చెప్పిన ఫిర్యాదు రాసుకున్నాడు. తర్వాత నన్ను అడిగాడు.

"మెసేజ్ మీ నంబరు నుంచే పోయిందవ్వా. మీరు పంపలేదా?"

"సార్, నాకు అ ఆ రాదు. ఉత్తరం ఎట్ల రాస్త?"

ఆయన కలం ఆపి నా ముఖం చూశాడు. అదే రాశాడు. వేలిముద్ర వేశాను. ఇన్నేళ్లలో వేలిముద్ర వేయడానికి సిగ్గుపడని రోజు ఇదొక్కటే.

ఆ మెసేజ్‌లో ఏం రాసి ఉందో అక్కడే సునీతతో చదివించుకున్నాను. "మా ఇంట్లో శుభకార్యం. తప్పక దయచేయండి. కార్డు చూడండి." ఎంత మర్యాద దొంగకు. నేను ఎవరినీ దయచేయమని అనలేదు, మా వియ్యంకుడిని కూడా.

పైసలు దొరుకుతాయా అని ఖలీల్ అడిగాడు. ప్రయత్నం చేస్తామన్నారు. ఖలీల్ నాతో మాట్లాడకుండా బండి ఎక్కి పోయాడు.

నవంబరు 9

కొడుకు రమేశ్ నా ఫోన్‌ను బాగుచేసే దుకాణంలో ఇచ్చి వచ్చాడు. దుకాణం అతను చెప్పింది రాస్తున్నాము — కార్డు వేషంలో వచ్చేది ఫోన్లో కూర్చుంటుంది. బ్యాంకు పంపే గుట్టు నంబర్లు చదువుకుంటుంది. మన పేరు మీద మనవాళ్లందరికీ మళ్లీ పంపుతుంది.

నా ఖాతాలో ఏమీ దొరకలేదు వాడికి. పింఛను ముందే తెచ్చుకున్నాను. నా దగ్గర దోచుకోవడానికి పేరొక్కటే ఉంది. అది తీసుకుపోయి హమీదా తలుపు కొట్టాడు.

నవంబరు 10

సునీత — "అందరికీ ఫోన్లు చేసి చెప్దాం అత్తమ్మా."

వద్దు. ఫోన్ మాట చెడిపోయింది. ఇప్పుడు నా గొంతు వినిపించినా అది నేనేనని ఎవరు నమ్మాలి? నా మాట నా ముఖంతోనే పోవాలి.

పెండ్లికి పిలవాలంటే మాలో ముత్తైదువలు ఇంటింటికీ పోయి బొట్టు పెట్టి చెప్తారు. మా ఆయన పోయినప్పటి నుంచి నేను ఆ పనికి పోలేదు. మా రమేశ్ పెండ్లికి కూడా ఒక్క గడప తొక్కలేదు, నా తోడికోడలే తిరిగింది. విధవ పిలిస్తే శుభం కాదన్నారు, సరేనన్నాను. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. అయినా నేను పిలిచానంటే ఎలా నమ్మారు? ఒక్కరైనా ఆగి ఆలోచించలేదే!

పిలవడానికి తిరగనిదాన్ని, పిలవలేదని చెప్పడానికి తిరుగుతాను.

నవంబరు 11

మా గల్లీ అంతా. తర్వాత ఆటోలో నస్రుల్లాబాద్. మోకాళ్లు వాచాయి.

ప్రతి గడప దగ్గర ఒకటే మాట — "పెండ్లి లేదు. నేను పిలవలే. గా నీలి గీత ముట్టకుండ్రి. ముట్టినోళ్లుంటే ఇప్పుడే బ్యాంకుకు పోండ్రి."

కొందరు అసలు చూడలేదు. ఒకామె నొక్కబోయి ఆగిందట, చార్జింగ్ అయిపోయి. నస్రుల్లాబాద్‌లో మా ఆడబిడ్డ మూతి తిప్పింది. "పిలవని పేరంటానికి పోయినోళ్లను చూసినం గని, వద్దని చెప్పేతందుకు వచ్చినోళ్లను నిన్నే చూస్తున్న వదినా."

"చూసినవ్ గదా. మంచినీళ్లియ్యి," అన్నాను. ఇచ్చింది.

హమీదా ఇంటికి పోలేదు. అది చివరకు ఉంచుకున్నాను. కాళ్లు అటు తిరగలేదు.

నవంబరు 12

పోయాను.

హమీదా మంచం మీద కూర్చుని ఉంది. బండి బయట బోర్లించి ఉంది. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టింది — "రా అక్కా."

చెవుల కమ్మలు తీసి ఆమె చేతిలో పెట్టాను. తడిమి చూసి, మళ్లీ నా గుప్పిట్లోనే పెట్టి మూసింది. "నువ్వేమన్న దొంగవా, నువ్వెందుకిస్తవ్?"

ఖలీల్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "అమ్మీకి చదువ రాదు పెద్దమ్మా. నీ ముఖం ఉన్నది ఫోన్ల. నీ ముఖం చూసి నొక్కింది."

నాకు కోపం వచ్చింది. ఏడుపు రావాల్సినచోట నాకు ఎప్పుడూ కోపమే వస్తుంది.

"ఏమే హమీదా, నీకు తెల్వదా? నేను ఎవ్వరినన్న పెండ్లికి పిలుస్తనా? నా కొడుకు పెండ్లికే పిలవలే. గింత తెల్వక ఎట్ల నొక్కినవ్?"

హమీదా కొంగు చివర మడత పెట్టుకుంటూ కూర్చుంది. తర్వాత —

"నా బిడ్డ నిఖాకు నేనే వచ్చి నీ చేతుల చక్కెర పెట్టి పిలిచిన. మా దాంట్ల విధవ గిధవ ఏడున్నది అక్కా. నువ్వు గూడ ఒక్కసారన్న నీ నోటితోని పిలుస్తవని చూసిన. గిప్పుడన్న పిలిచినవనుకున్న."

సునీతా, ఇక్కడ ఆపు.

నవంబరు 13

ఏమీ లేదు.

నవంబరు 15

స్టేషన్ నుంచి కబురు లేదు. దవాఖాన తేదీ ఏమైందో ఖలీల్ చెప్పలేదు. హమీదా బండి బస్టాండు దగ్గర కనిపించలేదని రమేశ్ అన్నాడు. నా కమ్మలు నేను మళ్లీ చెవులకు పెట్టుకోలేదు. కొంగుకే కట్టి ఉన్నాయి.

నవంబరు 17, సోమవారం

రమేశ్ ఫోన్ తెచ్చిచ్చాడు. అంతా కడిగేశారట. బొమ్మలు పోతే సునీత మళ్లీ పెట్టింది — బర్రె, ట్రాక్టరు, జామకాయ.

ఇప్పుడే మోగింది. జామకాయ వెలుగుతోంది. కింద నీలి గీత ఉందో లేదో చూడలేదు. సునీత చదువుతానంటోంది.

"చదవకు. ముట్టకు."

చక్కెర డబ్బా ఎక్కడ పెట్టావే? కొంచెం కాగితంలో పొట్లం కట్టు. చెప్పులు వేసుకుంటున్నాను. ఆమె పిలిచిందో, దొంగే పిలిచాడో — హమీదానే అడుగుతాను...