అరుపులు మాత్రం నావి

డెంటన్, టెక్సాస్
అక్టోబర్ 9, గురువారం

ట్విలాకు,

నువ్వూ, నీ రెండు కుక్కలూ, నొప్పి మోకాలూ కులాసా అని తలుస్తాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నా గొంతు ఇంకా బాగుంది. తగువంతా దాని గురించే కనుక ముందే చెబుతున్నాను. ఉత్తరం ఎందుకంటావేమో, ఫోన్‌లో నువ్వు నన్ను నవ్విస్తావు. నేను నవ్వితే ఒప్పుకున్నట్టే నీకు.

శనివారం బార్బెక్యూ దుకాణంలో నువ్వన్న మాటలు నాకింకా అరగలేదు. ఆ జపాన్ యానిమే కార్టూన్ సీరియల్ ఇంగ్లీషు డబ్బింగ్‌లో పదిహేడేళ్లుగా రింపేయ్ అనే పిల్లాడి గొంతు నేనే. నలభై ఆరేళ్లదాన్ని, పదేళ్ల పిల్లాణ్ణి. మన వృత్తిలో అదేమీ వింత కాదు, మగపిల్లలంతా ఆడవాళ్లే. ఇప్పుడు దాన్ని సినిమాగా తీశారు. పోస్టరు మీదికి పేరున్నవాడు కావాలని పాటగాడు బ్రైస్ కెల్టన్‌ను తెచ్చారు. అంతవరకూ మింగగలను. పాత్రలు వస్తాయి, పోతాయి. కానీ ఏ పాత్రకు ఏ గొంతో ఎంచే దానివి నువ్వు, నోట్లో మాంసం ముక్కతో ఏమన్నావు?

"వాడికి వచ్చే నెల కచేరీలున్నాయే. అరవనని కాంట్రాక్టులోనే రాయించుకున్నాడు. మాటలు వాడు చెబుతాడు, అరుపులూ మూలుగులూ ఏడుపులూ నువ్వు కానిచ్చెయ్" అన్నావు. మరి తెర మీద నా పేరో అంటే, "అరుపులకు పేరేంటే పిచ్చిమొహమా, రేపు దగ్గుకు కూడా వెయ్యమంటావా?" అని పగలబడి నవ్వావు. నేనూ నవ్వాను. అది తలుచుకుంటేనే ఒంటి మీద జెర్రి పాకినట్టుంది.

మాటలన్నీ అయ్యాకే కదా అరుపులు తీస్తాం, గొంతు చిరిగినా ఇక ఇంటికే పోతాం కనుక. ఆ చివరి ముక్కకే నన్ను పిలవడం, విందు ఎవరో తిని విస్తరి నన్నెత్తమన్నట్టుంది. పైగా రింపేయ్ వాళ్లమ్మ సముద్రంలోకి నడిచిపోయే ఘట్టం. "వెళ్లకమ్మా" అనేది అతను, ఆ తర్వాతి ఏడుపు నాదట. ఆ పిల్లాడు దుఃఖాన్ని మాటలో మొదలుపెట్టి ఏడుపులో ముగిస్తాడు ట్విలా. వాటి మధ్య కత్తి ఎక్కడ పెడతారు?

ఇదంతా నా అహంకారమేనేమో. టికెట్టు కొన్నవాడికి ఊపిరి ఎవరిదైతేనేం? కెల్టన్ మంచివాడే కావచ్చు కూడా. నిన్న పూలు పంపాడు, "మేడమ్, మీ అరుపులకు నేను వీరాభిమానిని" అని కార్డుతో. కార్డు చెత్తబుట్టలో వేశాను. పూలు నీళ్లలో పెట్టాను. పూల తప్పేముంది?

సోమవారం రికార్డింగుకు నేను రాను. అరవడానికి ఇంకెవరినైనా చూసుకో. ఎవరి గొంతైనా చిరుగుతుంది.

ఇంకా నీ స్నేహితురాలినో కాదో తేల్చుకోలేని
లోర్నా

తా.క. సోమవారం సాయంత్రం. ఉత్తరం ఇంకా నా సంచిలోనే ఉంది. సౌండు ఇంజనీరు ఎజ్రా నీకు చెప్పేలోగా నేనే చెబుతున్నాను: వెళ్లాను. ఎందుకో అడగకు. నోరు తడారకుండా పుల్లటి ఆపిల్ ముక్క కొరికి, గాజు గదిలో నిలబడ్డాను. హెడ్‌ఫోన్లలో కెల్టన్ "వెళ్లకమ్మా" అన్నాడు. బాగానే అన్నాడు, పాపం. మొదలుపెట్టమనే మూడు బీప్‌లు మోగాయి, అందుకున్నాను. పదిహేడేళ్లలో అలాంటి ఏడుపు నాలోంచి రాలేదు. అద్దం అవతల ఎజ్రా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "వచ్చేసింది మేడమ్, ఇక చాలు, ఇంటికెళ్లి పడుకోండి" అన్నాడు.

ఇంకొకటి తీద్దామా అని అడిగింది నేనే.