ముగ్గు వేయని మూడు రోజులు

ఇబ్రహీంపట్నం,
మంగళవారం సాయంత్రం.

అన్నకు, వదినకు దండాలు పెట్టి చెల్లె అంజమ్మ రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం. ఉత్తరంలో ముందుగా ఆ మాట రాయాలి కాబట్టి రాశానని అనుకోకు, నిజంగానే క్షేమం. జ్వరం పూర్తిగా తగ్గింది. నోటికి రుచి తెలుస్తోంది. మధ్యాహ్నం రెండుసార్లు అన్నం పెట్టుకుని తిన్నాను. నీ ఛాతీ నొప్పి ఎలా ఉంది? దవాఖానలో అది గ్యాసేనని తేల్చారు కదా అని మళ్లీ మిర్చి బజ్జీల బండి చుట్టూ తిరుగుతున్నావా? వదిన మోకాళ్లు ఎలా ఉన్నాయి? పిల్లలు బాగున్నారా? బర్రె ఈనిందా? ఈనితే నా వంతు జున్ను దాచి పెట్టమని వదినకు చెప్పు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అంటావు. నువ్వు ఫోన్లో మాట్లాడితే కదా! మొన్న ఆదివారం పొద్దున్నే నేను ఫోన్ చేసి ఒక్క మాటా మాట్లాడలేకపోయాను. "ఏడుస్తున్నవా?" అన్నావు. వెంటనే నువ్వే, "సరే తియ్. వచ్చే ఐతారం ట్రాలీ తీస్కొని వస్త. సామాన్ సదురుకో" అని పెట్టేశావు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా "ఐతారం వస్తున్న" అనడం, ఫోన్ వదిన చేతికి ఇచ్చేయడం. వదినేమో "మీ అన్న నా మాట ఎన్నడన్న ఇన్నడా?" అంటుంది. మన ఊరి పోచయ్య కూతురిని ఇక్కడ కాలేజీలో దింపడానికి వచ్చాడు. రేపు పొద్దున వెళ్లిపోతాడట. ఆయన చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. ట్రాలీ మాట్లాడకముందే చదువు. నేను సామాను సర్దలేదు, సర్దను కూడా. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు, అన్నా. అసలు ఏం జరిగిందో మొదటి నుంచి చెబుతాను.

పని బాగానే ఉంది. హాస్టల్లో మూడు వందల మంది ఆడపిల్లలు. పొద్దున ఆరింటికి వెళితే మధ్యాహ్నం మూడింటికి బయటపడతాను. వంట మాస్టర్ పెద్దాయన, పొద్దంతా నోరు విప్పడు. గరిటెతో గిన్నె అంచు మీద ఒకసారి కొడితే ఉప్పు అందించాలి, రెండుసార్లు కొడితే మంట తగ్గించాలి. నాకంటే ముందు వచ్చిన ముగ్గురూ ఆయన దగ్గర వారం తిరక్కుండానే మానేశారట. నాకు మాత్రం మొదటి రోజే అర్థమైంది. నీ చేతి కింద పెరిగినదాన్ని, మాట్లాడని మగవాళ్లతో ఎట్లా వేగాలో నాకు ఎవరు నేర్పాలి? ఇక పిల్లలు తిని వదిలిన పళ్లెం చూస్తే చాలు, ఎవరికి పరీక్ష పోయిందో, ఎవరికి ఇల్లు గుర్తొచ్చిందో తెలుస్తుంది. ఇల్లు గుర్తొచ్చినవాళ్లు కూర తినేసి అన్నం కెలికి వదిలేస్తారు. అట్లాంటి పిల్లకు మరునాడు అడగకుండానే గడ్డపెరుగు కొంచెం ఎక్కువ వేస్తాను. వాళ్లూ ఏమీ అడగరు, పళ్లెం మాత్రం ఖాళీ చేస్తారు.

గది సంగతి చెప్పాలి. ఆరు గదుల వరుసలో నాది నాలుగోది. నీకు అబద్ధం చెప్పను, మొదటి నెల చాలా కష్టమైంది. చెయ్యి అలవాటు కొద్దీ రెండు గ్లాసుల బియ్యం పోసేదాన్ని. సగం తిని, సగం మరునాడు పులిహోర కలుపుకునేదాన్ని. పులిహోర తిని తిని నా మీద నాకే కోపమొచ్చింది. సాయంత్రమైతే తలుపు తీసి పెట్టుకుని దారిన పోయేవాళ్ల కాళ్లు చూస్తూ కూర్చునేదాన్ని. ఇప్పుడు అర గ్లాసు బియ్యం పోస్తున్నాను. తలుపు దగ్గరగా వేసుకుని తల దువ్వుకుంటూ గంటసేపు కూర్చున్నా ఎవరూ పిలవరు, ఎవరి కోసమో లేవాల్సిన పని లేదు. అది బాగుంది, అన్నా. ఇంత బాగుంటుందని నాకు తెలియదు.

పక్క గదిలో బాలమణి ఉంటుంది. నాకంటే రెండు మూడేళ్లు చిన్నదేమో. సాయంత్రం బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఆమె కూడా ఒక్కతే. ఎందుకు ఒక్కతే అని నేను అడగలేదు, నన్నూ ఆమె అడగలేదు. పొద్దున ఇద్దరం ఒకే వేళకు లేస్తాం. వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ఎవరి ముగ్గు వాళ్లం వేసుకుంటాం. నా ముగ్గు అయ్యాక ఆమె ఒకసారి చూస్తుంది, ఆమె ముగ్గు నేను చూస్తాను. తల ఊపి లోపలికి వెళ్లిపోతాం. నాలుగు నెలలు మా స్నేహమంతా అంతే. గోడకు అటువైపు నుంచి ఆమె పిండి పిసికే చప్పుడు వినిపిస్తే చాలు, నాకు ఇంట్లో మనిషి ఉన్నట్టే.

పోయిన నెల నిన్ను దవాఖానలో చేర్చారని ఫోన్ వచ్చినప్పుడు నేను తలుపు బార్లా తెరిచి పెట్టి, కాళ్లకు రెండు రకాల చెప్పులు వేసుకుని బస్సుకు ఉరికాను. రెండు రోజుల తర్వాత వచ్చేసరికి నా గదికి తాళం ఉంది. తాళంచెవి బాలమణి కొంగున ఉంది. "మంచిగున్నడా అన్న?" అన్నది. తల ఊపాను. తాళంచెవి చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఫోన్లో నా మాటలు గోడకు అటువైపు వినిపించినట్టున్నాయి, నీకు బాగాలేదన్న సంగతి వరుసకంతా అట్లా తెలిసింది. ఇది గుర్తుపెట్టుకో.

ఇక పోయిన గురువారం. తెల్లవారేసరికి ఒళ్లు కాలిపోతోంది. లేచి కూర్చునే శక్తి కూడా లేదు. వాకిలి ఊడ్వలేదు, ముగ్గు వేయలేదు, పనికి పోలేదు. ఎండ ఎక్కాక బాలమణి తలుపు తోసుకుని వచ్చింది. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. మాట లేదు, పలుకు లేదు. వెళ్లి మందుబిళ్లలు, పప్పుచారు, మెత్తగా వండిన అన్నం తెచ్చింది. నా పక్కనే కింద కూర్చుని, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఉండి, పోయొస్తానని కూడా చెప్పకుండా లేచి వెళ్లిపోయింది. చెప్పకపోయినా నా జ్వరం ఎట్లా కనిపెట్టిందో అనుకుని మురిసిపోయాను.

శుక్రవారం కూడా లేవలేదు. శుక్రవారం పూట వాకిట్లో ముగ్గు లేదు, చూసుకో! ఆ రోజు వరుసలోని ఆడవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చారు. వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, నన్ను చూసి, కళ్లు ఒత్తుకుని, చెప్పకుండా లేచిపోయారు. ఒకావిడ చాయ్ తెచ్చింది. నల్లా దగ్గర రోజూ అందరితో కొట్లాడే ఇంటి ఓనరమ్మ నా రెండు బిందెలూ నింపి తెచ్చి లోపల పెట్టింది. కనీసం అప్పుడైనా నాకు అనుమానం రావాలి కదా! రాలేదు. వరుసలో ఒక్క టీవీ మోత లేదు. నా తలనొప్పి కోసం ఇంతమంది టీవీలు కట్టేశారే, ఏ జన్మ పుణ్యమో అనుకుని ముసుగు తన్ని పడుకున్నాను. ఫోన్ చార్జింగ్ అయిపోయి ఎక్కడో దుప్పటి కింద పడి ఉంది. ఎట్లాగూ నువ్వు ఆదివారం తప్ప ఫోన్ చెయ్యవు. శనివారమూ అట్లాగే గడిచింది.

ఆదివారం తెల్లవారుజామున ఒళ్లు చల్లబడింది. వేణ్నీళ్లు పోసుకున్నాను. మూడు రోజులు వాకిలి బోసిగా ఉందే అని నీళ్లు చల్లి చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. బాలమణి ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"గిదేందక్కా, గప్పుడే ముగ్గేస్తున్నవ్? దినాలు కాలే గద!"

"ఎవలి దినాలు?"

"మీ అన్నయి."

అన్నా, ఆ మాట విన్నాక ముగ్గు పిండి చేతిలోంచి జారిపోయింది. మూడు రోజులుగా నా ఫోన్ పనిచేయలేదు. మీరు చేసి చేసి, దొరకక, ఇంకెవరితోనో కబురు పంపారేమో! వీళ్లందరికీ తెలిసి నాకు తెలియదేమో! వచ్చినవాళ్లు ఎందుకు కళ్లు ఒత్తుకున్నారో, ఎందుకు చెప్పకుండా లేచిపోయారో అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. చావు జరిగిన ఇంటి నుంచే కదా మనం పోయొస్తామని చెప్పకుండా లేస్తాం! లోపలికి పోయి ఫోన్ చార్జింగుకు పెట్టాను. అది వెలిగేదాకా ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నీకు కలిపాను. రెండుసార్లు మోగింది. మూడోసారికి నువ్వు ఎత్తావు.

"ఊ" అన్నావు.

అంతే, నాకు మాట రాలేదు. నీ వెనకాల బర్రె అరుస్తోంది. వదిన ఎవరినో తిడుతోంది. నువ్వు "ఏందే, చెప్పు" అంటున్నావు. ఎవరో కబురు తెచ్చి ఉంటారన్న భయమంతా ఆ ఒక్క "ఊ"తో పోయింది. ఇక నీతో చెప్పడానికీ అడగడానికీ నా దగ్గర ఏమీ మిగల్లేదు. నువ్వేమో నేను ఇక్కడ ఉండలేక ఏడుస్తున్నాననుకున్నావు.

బయటికొచ్చి "మా అన్న మంచిగున్నడు, ఇప్పుడే మాట్లాడిన" అంటే బాలమణి నోరు తెరిచి నిలబడింది. వాకిట్లో ముగ్గు లేకపోవడం చూసిందట, లోపలికి వస్తే నేను గోడ వైపు తిరిగి ఎర్రని కళ్లతో పడుకుని ఉన్నానట. దవాఖానలో ఉండి వచ్చిన అన్నకు ఏదో అయిందనుకుందట. ఏడ్చి ఏడ్చి జ్వరం వచ్చిందనీ, అందుకే ఊరికి కూడా పోలేకపోయాననీ అనుకుందట. పుట్టెడు దుఃఖంలో ఉన్నదాన్ని ఏమని అడగాలని నోరు మూసుకుని, వరుసలో అందరికీ "ఏమీ అడగకుండ్రి, ఊకె పోయి కూసోన్రి" అని చెప్పిందట! నెత్తి కొట్టుకుంది. నాకు నవ్వు ఆగలేదు. ఆమెకూ నవ్వొచ్చింది. వాకిట్లోనే కూలబడి ఇద్దరం కళ్లనీళ్లు కారేదాకా నవ్వాం. "బతికున్నోన్ని సచ్చిండంటె నూరేండ్లు బతుకుతడక్కా, ఫికర్ చెయ్యకు" అన్నది. నువ్వు బతికుండగానే నీ కోసం ఐదు ఇళ్లు టీవీలు కట్టేసుకున్నాయి. మన ఊళ్లో సర్పంచికి కూడా అంత మర్యాద దక్కలేదు.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. నేను వచ్చేటప్పుడు బస్టాండులో "ఒక్కదానివే ఉంటే రోగమొస్తే ఎవలు చూస్తరే?" అన్నావు. ఐదు నెలలుగా అది నా చెవిలో ఉంది. నాకూ ఆ భయం లేకపోలేదు. ఎవరు చూశారో నీకు చెప్పాను. వాళ్లు పొరపాటుపడిన మాట నిజమే. మూడు రోజులు నా ఎదుట కూర్చుని ఒక్క మాట అడిగి ఉంటే తేలిపోయేది. కానీ నా వాకిట్లో ముగ్గు లేకపోతే తలుపు తోసుకుని వచ్చే మనిషి పక్క గదిలో ఉంది, నాకు అది చాలు.

ఇంకొక మాట. వదినకు కోపం రాకుండా చదివి వినిపించు. ఆయన పోయాక తొమ్మిదేళ్లు మీ ఇంట్లో ఉన్నాను. మీరు నన్ను ఒక్క మాట అనలేదు, ఏ పండక్కీ చీర తక్కువ చేయలేదు. కానీ ఆ ఇంటి ముందు ముగ్గు వదినది. అది న్యాయమే, ఇల్లు ఆమెది. నేను నీళ్లు చల్లి బకెట్ పక్కన పెట్టి తప్పుకునేదాన్ని. ఇక్కడ వంకరగా వేసినా, చుక్క తప్పినా, ఈ నాలుగు అడుగుల వాకిట్లో ముగ్గు నాది. నాకు ఇది కావాలి, అన్నా. నీతో ఎదురు నిలబడి ఈ మాట అనలేను. నీ మొహం చూస్తే వెంటనే సామాను సర్దేస్తాను. అందుకే రాస్తున్నాను.

ఆదివారం తప్పకుండా రా. వరుసంతా నిన్ను చూడాలని కూర్చుని ఉంది. బాలమణి అయితే "ముట్టుకొని చూస్తనక్కా" అంటోంది. నీ కోసం జొన్నరొట్టెలు చేస్తుందట. నేను నాటుకోడి వండుతాను, కారం నీకు తగ్గించి. వస్తూ వదిన పెట్టిన మామిడి తొక్కు రెండు సీసాలు తే, ఒకటి బాలమణికి. పెట్టెలో నా మందపాటి దుప్పటి ఉంది, అదీ తే, ఇక్కడ తెల్లవారుజామున చలి మొదలైంది. శ్రీశైలం రోడ్డు బస్సు ఎక్కి తుక్కుగూడలో దిగు, అక్కడ ఇబ్రహీంపట్నం ఎట్లా పోవాలో ఎవరినడిగినా చెబుతారు. నేను బస్టాండులో ఉంటాను.

నీకూ వదినకూ మళ్లీ దండాలు. పెద్దమ్మ కాళ్లకు నా తరఫున మొక్కు. పిల్లలకు ముద్దులు. నన్ను చల్లగా ఉండమని దీవించండి.

జవాబు రాయనక్కర్లేదు, ఫోన్లో చెప్పనూ అక్కర్లేదు. నీతో మాట పలికించడం దేవుడి తరం కూడా కాదు. ఆదివారం నువ్వు ట్రాలీలో కాకుండా చేతిలో సంచితో బస్సు దిగితే, నాకు తెలిసిపోతుంది.

నీ చెల్లె,
అంజమ్మ