పెరిగే పిల్లల బట్ట

అబ్బా,

నువ్వు నీ కొడుక్కి వదిలి వెళ్లిన మన టైలర్ దుకాణం వెబ్ పేజీ ఇన్నాళ్లూ బయటి బోర్డులా ఊరికే కనిపించేది. నిన్న దానిలో ఒక కాలిక్యులేటర్ పెట్టాను. కొలతలు కొడితే ఎక్కడో ఉన్న సర్వర్ లెక్కకట్టి, ఎంత బట్ట తేవాలో ఆ పేజీలోనే చూపిస్తుంది. పిల్లలైతే, పెరుగుతారని నువ్వు కలిపినట్టే కొంత అదనం కలిపేలా రాశాను. అప్పటి నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు. మాటిమాటికీ తెరిచి చూస్తున్నాను.

పొద్దున నది అవతలి బూర్గంపాడు నుంచి ఒకామె ఫోన్ చేసింది.

"ఏంది భాయ్, మా పాపకు గింత బట్టనా? గంత పెరుగుతదా?"

నువ్వు ఒక్కో బిడ్డకు ఒక్కోలా కలిపేవాడివి. ఎంత పెరుగుతుందో ముందు మణికట్టు పట్టుకుని చూసేవాడివి. నేను సర్వర్‌కు అందరు పిల్లలకూ ఒకటే అంకె ఇచ్చాను.

"పాపను తోల్కరా అక్కా, చూసి చెప్త," అనేశాను.

అన్నాక సాయంత్రం దాకా కూర్చోలేకపోయాను. వంతెన దాటి ఇద్దరూ వచ్చారు. అడగకముందే, నీ దగ్గర అలవాటైనట్టు, పాప చెయ్యి చాచింది. నీలాగే మణికట్టు పట్టుకున్నాను.

ఏం చూడాలో తెలియలేదు అబ్బా. అయినా వదలబుద్ధి కాలేదు.